ఇనుప దారులు: ఉక్కు తాడు వెంట ఆల్ప్స్ శిఖరాలకు

ఐరోపా ఖండం నడుమ, ఫ్రాన్సు మొదలుకొని స్లొవేనియా వరకు విల్లు వలె వంగి ఉన్న పర్వతశ్రేణికి ఆల్ప్స్ అని పేరు. ఈ పర్వతాలలో నిటారుగా నిలిచిన రాతిగోడల మీద, మనిషి పాదం మోపలేడనిపించే చోట్ల, ఉక్కు తాళ్లు బిగించి, ఇనుప మెట్లు, నిచ్చెనలు నాటి ఏర్పరచిన మార్గాలు వందల సంఖ్యలో కలవు. ఇటలీ భాషలో ఇటువంటి మార్గాన్ని 'వియా ఫెర్రాటా' అంటారు. ఇనుప దారి అని దాని అర్థం. జర్మను భాషలో దీనిని 'క్లెట్టర్‌స్టైగ్' అంటారు. ఎక్కుడు బాట అని చెప్పుకొనవచ్చును.

చదువుల కొరకు, ఉద్యోగాల కొరకు తెలుగు పిల్లలు జర్మనీ, ఇటలీ, ఆస్ట్రియా దేశాలకు చేరుతున్న కాలమిది. సెలవు దినాలలో స్నేహితులతో కలిసి ఈ కొండదారులకు వెళ్లడం అక్కడ సాధారణమైన వేడుక. ఫోటోలో చూచినప్పుడు ఇనుప దారి తిరుమల మెట్లదారికి చేతికమ్మీ కట్టినట్లు కనిపిస్తుంది. తాడు ఉన్నది కదా, భయమేమి అనిపిస్తుంది. వాస్తవం వేరు. ఆ తాడు తానై మనిషిని పట్టుకొనదు. మనిషే తన నడుముకు కట్టిన కొక్కేల ద్వారా ప్రతి క్షణం తాడును పట్టుకొని ఉండవలెను. ఈ ఒక్క మాటను సరిగా గ్రహించినవారికి ఇనుప దారి అపూర్వమైన అనుభవం. గ్రహించని వారికి అది ప్రాణాంతకం.

దారి స్వరూపం

కొండ మీద నడవడం ఒకటి, బండను ఎక్కడం మరొకటి. నడకకు పాదాలు చాలును. బండను ఎక్కడానికి చేతులు, తాడు, ఆ తాడును క్రింద పట్టి నిలిచే తోడు మనిషి, ఏండ్ల తరబడి అభ్యాసం కావలెను. ఇనుప దారి ఈ రెండింటికి నడుమ ఉన్నది. చిటికెన వ్రేలంత మందం గల ఉక్కు తాడును రాతిగోడ పొడుగునా పరచి, కొన్ని మీటర్లకు ఒకటి చొప్పున రాతిలోనికి దింపిన ఇనుప మేకులకు దానిని బిగిస్తారు. కాలు నిలిపే చోటు లేని భాగాలలో ఇనుప మెట్లు నాటుతారు. లోతైన చీలికలున్న చోట నిచ్చెననో, తాళ్ల వంతెననో అమర్చుతారు.

అన్ని దారులూ ఒక్క తీరుగా ఉండవు. ఆస్ట్రియాలో వీటిని 'ఏ' మొదలు 'ఇ' వరకు అక్షరాలతో వర్గీకరించారు. 'ఏ' అనగా తాడు సాయంగా ఉన్న ఇరుకు కాలిబాట. 'సి' దగ్గరకు వచ్చేసరికి నిటారు గోడలు, చేతుల బలం అవసరమయ్యే మెలికలు మొదలవుతాయి. 'డి', 'ఇ' అనుభవజ్ఞులకు మాత్రమే తగినవి. మొదటిసారి వెళ్లేవారు 'ఏ' లేక 'బి' దారినే ఎంచుకొనవలెను. దారి పొడవు, ఎత్తు కంటె ఈ అక్షరమే ముందుగా చూడవలసిన విషయం.

ఎవరు మొదలు పెట్టారు

ఇనుప దారులను మొదటి ప్రపంచయుద్ధంలో సైనికులు కనిపెట్టారని అనేకులు భావిస్తారు. ఇది సగం నిజం మాత్రమే. యుద్ధానికి 70 ఏండ్లకు ముందే, 1843లో, ఫ్రీడ్రిష్ సిమోని అనే భూగోళ శాస్త్రజ్ఞుడు ఆస్ట్రియాలోని డాఖ్‌స్టైన్ శిఖరానికి ఇనుప మేకులు, తాడు అమర్చిన దారిని ఏర్పాటు చేయించాడు. 1869లో ఆస్ట్రియాలోకెల్ల ఎత్తైన గ్రోస్‌గ్లాక్నర్ మీద, 1873లో జర్మనీలోకెల్ల ఎత్తైన సుగ్‌ష్పిట్జె మీద ఇటువంటి అమరికలు వెలిసినవి. ఇటలీ ఈశాన్య భాగంలోని డోలమైట్ పర్వతాలలో ఎత్తైన మర్మొలాడా శిఖరం 3,343 మీటర్లు. దాని పడమటి అంచు మీద 1903లో ఇనుప దారి వేశారు.

డోలమైట్ పర్వతాలు ఈ దారులకు పుట్టినిల్లు వంటివి. ఇరవై కోట్ల ఏండ్లకు పూర్వం అక్కడ వెచ్చని సముద్రం ఉండేది. ఆ సముద్రంలోని జీవుల గుల్లలు, పగడపు దిబ్బల వంటి నిక్షేపాలు గట్టిపడి రాయిగా మారి, పిమ్మట భూమి ఒత్తిడికి పైకి లేచినవి. కాల్షియం, మెగ్నీషియం కలిసిన ఈ పాలిపోయిన రాయికి, దానిని పరిశీలించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు డోలొమ్యూ పేరు మీద డోలమైట్ అని పేరు వచ్చినది. పొద్దుగుంకే వేళ ఈ బండలు గులాబి రంగుకు మారుతాయి. 2009లో యునెస్కో ఈ పర్వతాలను ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినది. ఈ రాయి నిలువుగా చీలి, నడుమ నడుమ అరుగుల వలె అడ్డంగా మెట్లు దేరి ఉంటుంది. ఆ అరుగుల మీదుగా ఉక్కు తాడు పరచుకొంటూ పోవడానికి అది అనువైనది.

సరిహద్దు మీద యుద్ధం

1915 మే 23న ఇటలీ ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యం మీద యుద్ధం ప్రకటించినది. అప్పటి సరిహద్దు డోలమైట్ శిఖరాల మీదుగా పోయేది. ఆ రాత్రి వరకు ఒకరికొకరు పొరుగువారుగా, కలిసి కొండలెక్కినవారుగా ఉన్న మార్గదర్శకులు, పశుల కాపరులు తెల్లవారేసరికి శత్రువులైనారు. ఆస్ట్రియా సేనలో అధిక భాగం తూర్పు రంగంలో రష్యాతో పోరాడుతున్నందున, తొలి రోజులలో ఈ కొండలను కాచినవారిలో సైన్యానికి వయసు మీరిన పెద్దలు, వయసు చాలని పిల్లలు ఎందరో ఉన్నారు.

శిఖరం ఎవరి చేతిలో ఉంటే క్రింది లోయ వారిది. కనుక ఇరువైపులవారూ శిఖరాల కోసమే పోరాడారు. ఆహారం, మందుగుండు, గాయపడినవారిని ఎక్కించి దించడానికి రాతిగోడలకు నిచ్చెనలు వేశారు, తాళ్లు బిగించారు. ఫిరంగి దెబ్బ తగలకుండా కొండ కడుపులో సొరంగాలు తొలిచారు. శత్రువు కూర్చున్న శిఖరం క్రిందికి సొరంగం తవ్వి, అందులో మందుగుండు నింపి, కొండనే పేల్చిన సంఘటనలు కూడా జరిగినవి. 1916 జూలై 11న ఇటలీ సైనికులు తోఫానా పర్వతం ప్రక్కనున్న కాస్తెల్లెత్తో అనే రాతి శిఖరం క్రింద 35 టన్నుల పేలుడు పదార్థాన్ని పేల్చారు. 1917 జూన్ 20న లగత్సువోయి కొండ మీద మరొక పెద్ద పేలుడు జరిగినది.

తుపాకులకంటె కొండే ఎక్కువ క్రూరంగా ప్రవర్తించినది. 1916 డిసెంబరు 13న మర్మొలాడా మీద మంచు కొండచరియ విరిగి ఆస్ట్రియా సైనికుల బారకాసుల మీద పడి, ఒక్క పూటలో రెండు వందల మందికి పైగా ప్రాణాలు తీసినది. 1917 అక్టోబరులో కపొరెత్తో వద్ద ఇటలీ సేనలు ఓడి వెనుకకు తగ్గడంతో, నవంబరు నాటికి డోలమైట్లలో యుద్ధం ముగిసినది. సైనికులు దిగిపోయారు. వారు వేసిన ఇనుము కొండ మీదనే మిగిలినది. కాలక్రమాన ఇటలీ పర్వతారోహక సంఘం వంటి సంస్థలు తుప్పు పట్టిన పాత ఇనుమును తొలగించి, క్రొత్త తాళ్లు వేసి, ఆ దారులలో కొన్నింటిని ప్రజల నడకకు తెరిచినవి.

ఇద్దరు శత్రువుల పేర ఒక దారి

ఈ చరిత్రనంతటిని ఒక్క చోట చూడగోరేవారు పాటెర్నో కొండకు పోవలెను. ఎత్తు 2,744 మీటర్లు. ఇటలీ భాషలో మోంతె పాటెర్నో, జర్మనులో పాటెర్న్‌కోఫెల్. దాని ఎదుట మూడు వ్రేళ్లు నిలబెట్టినట్లున్న ప్రసిద్ధ శిఖరాలకు కూడా రెండు పేర్లు. ఇటలీ వారికి త్రె చీమె, జర్మను మాట్లాడేవారికి డ్రై జిన్నెన్. ఒకే ఊరికి, ఒకే వాగుకు రెండు భాషలలో రెండు పేర్లుండడం సరిహద్దు గ్రామవాసులకు వింత కాదు.

యుద్ధానికి ముందు ఈ కొండ ప్రక్కనున్న సత్రాన్ని సెప్ ఇన్నర్‌కోఫ్లర్ అనే మార్గదర్శకుడు నడిపేవాడు. సెక్స్‌టెన్ గ్రామస్థుడు. ఆ చుట్టుప్రక్కల కొండలన్నీ ఎరిగినవాడు. యుద్ధం మొదలైన కొద్ది రోజులకే ఫిరంగి దెబ్బలకు సత్రం ధ్వంసమైనది. పాటెర్నో శిఖరం ఇటలీ సైనికుల చేతికి చిక్కినది. దానిని తిరిగి పట్టుకొనడానికి 1915 జూలై 4 తెల్లవారుజామున, యాబై ఏండ్లకు చేరువైన సెప్, కొద్దిమంది తోడుగా చీకటిలో రాతి అంచు మీదుగా ఎక్కాడు. శిఖరం అంచున ప్రాణాలు కోల్పోయాడు. పైనుండి పియెరో దె లూకా అనే ఇటలీ సైనికుడు విసిరిన రాయి తగిలి పడ్డాడని ఒక కథనం, తుపాకి గుండు తగిలినదని మరొక కథనం. ఇటలీ సైనికులు ఆయన దేహాన్ని పైకి తెచ్చి, శిఖరం మీదనే గౌరవంతో పాతిపెట్టారు. 1918లో ఆయన అస్థికలను స్వగ్రామానికి చేర్చారు.

నేడు ఆ కొండ మీది ఇనుప దారికి దె లూకా - ఇన్నర్‌కోఫ్లర్ మార్గం అని పేరు. ఆ కథలో ఎదురెదురుగా నిలిచిన ఇద్దరి పేర్లూ ఒకే దారికి పెట్టారు.

యుద్ధం పిమ్మట, 1919 నాటి సెయింట్ జెర్మైన్ సంధి ప్రకారం సెక్స్‌టెన్‌తో సహా దక్షిణ టిరోల్ అంతా ఇటలీకి సంక్రమించినది. ముస్సోలినీ పాలనలో అక్కడ జర్మను బడులు మూసివేశారు, ఊర్ల పేర్లు మార్చారు. రెండవ ప్రపంచయుద్ధం తరువాత 1946లో ఇటలీ, ఆస్ట్రియా దేశాలు ఒప్పందం చేసుకొన్నవి. 1972లో విస్తృతమైన స్వయంపాలన చట్టం అమలులోనికి వచ్చినది. నేడు ఆ ప్రాంతంలో జర్మను మాధ్యమ పాఠశాలలున్నవి, ఊరి బోర్డుల మీద రెండు పేర్లుంటాయి. లోయలలో సుమారు 30 వేల మంది మాట్లాడే లదిన్ అనే చిన్న భాష ఉన్నది. ఆ లోయలలో మూడవ పేరు కూడా కనిపిస్తుంది.

పాటెర్నో దారి మీద

వేసవిలో ప్రయాణికులు ఆవురొన్జొ సత్రం వరకు వాహనంలో వస్తారు. అది 2,320 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడినుండి మూడు శిఖరాల అడుగున నడిచి, 2,454 మీటర్ల ఎత్తున ఉన్న లవరేదొ కనుమను దాటి, 2,405 మీటర్ల వద్దనున్న లొకతెల్లి సత్రానికి చేరుతారు. సెప్ నడిపిన సత్రం ఉన్న స్థలం దాని సమీపమే. ఇంతవరకు సాధారణమైన కాలిబాట.

ఇక్కడినుండి దారి కొండ కడుపులోనికి ప్రవేశిస్తుంది. యుద్ధకాలంలో ఇటలీ సైనికులు తొలిచిన సొరంగమది. లోపల చీకటి, తడి, ఎత్తుపల్లాల మెట్లు. తలకు కట్టుకొనే టార్చి, తలకు హెల్మెట్టు లేనిదే అడుగు వేయరాదు. అక్కడక్కడ గోడకు తొలిచిన కిటికీలు ఉంటాయి. ఒకనాడు తుపాకులు పెట్టిన ఆ కిటికీలలోనుండి నేడు యాత్రికులు మూడు శిఖరాలను చూస్తారు. సొరంగం దాటిన పిమ్మట ఉక్కు తాడు వెంట రాతి మీద ఎక్కి ఒక ఇరుకు కనుమకు, అటుపై శిఖరానికి చేరుతారు. మొత్తం పోయి రావడానికి అలవాటు పడినవారికే అయిదారు గంటలు పడుతుంది. కష్టంలో ఇది మధ్యరకం దారి. అయినా తాడు తప్పిన చోట పాదం జారితే క్రింద ఆపేది ఏదీ లేదు.

కట్టుకొనవలసిన పనిముట్లు

ఈ దారికి నాలుగు వస్తువులు తప్పనిసరి. మొదటిది హెల్మెట్టు. పైన నడిచేవారి కాలి తాకిడికి రాళ్లు దొర్లుతూ ఉంటాయి. రెండవది నడుముకు, తొడలకు బిగించుకొనే హార్నెస్సు అనే పట్టీల అమరిక. మూడవది చేతితొడుగులు. తెగిన ఉక్కు పోగులు సూదుల వలె అరచేతిలో దిగుతాయి. నాలుగవది అన్నింటికంటె ముఖ్యమైన కొక్కేల జత. రెండు పట్టీలు, వాటి చివర తమంత తామే మూసుకొనే రెండు పెద్ద కొక్కేలు, రెండూ కలిసే చోట మడతలుగా కుట్టిన ఒక పట్టీ సంచి ఉంటాయి. మనిషి పడినప్పుడు ఆ కుట్లు ఒక్కొక్కటిగా చిట్లిపోతూ దెబ్బ తీవ్రతను మింగుతాయి. మోటారు సైకిలుకు షాక్ అబ్జార్బరు చేసే పని వంటిదే ఇది. అయితే ఇది ఒక్కసారికే పనికి వస్తుంది. ఒకసారి పడి కుట్లు విడిన జతను పారవేయవలసినదే.

ఈ జత పాతదైతే ఎంత ప్రమాదమో 2012లో తెలిసి వచ్చినది. ఆ ఏడాది ఆగస్టులో ఆస్ట్రియాలో ఒక ఇనుప దారి మీద పడిన వ్యక్తి పట్టీలు రెండూ తెగిపోయి ప్రాణం పోయినది. అవి అద్దెకు తెచ్చినవి. సాగే గుణం గల పట్టీలు మాటిమాటికి సాగి ముడుచుకొనడం వలన లోపలి నూలు బలహీనపడినదని పరీక్షలలో తేలినది. దరిమిలా అనేక రకాల జతలను తయారీదారులు వెనుకకు పిలిపించారు. 2017లో ఐరోపా ప్రమాణాన్ని సవరించారు. ఆ ప్రమాణం ప్రకారం ఈ పరికరం 40 నుండి 120 కిలోల బరువు గలవారికి ఉద్దేశించినది. అంతకంటె తేలికైన పిల్లలకు ఆ కుట్లు తగినంతగా విడవక, దెబ్బంతా దేహానికే తగులవచ్చును. కనుక పిల్లలను అనుభవం గల పెద్దవారు పైనుండి వేరొక తాడుతో పట్టి తీసికొనిపోవలెను. 120 కిలోలు దాటినవారికి కుట్లన్నీ విడిపోయినా దెబ్బ పూర్తిగా తీరదు.

ఒక కొక్కెం ఎప్పుడూ తాడు మీదనే

నడిచే విధానం చెప్పడానికి తేలిక. రెండు కొక్కేలనూ తాడుకు తగిలించి నడవవలెను. ఇనుప మేకు అడ్డు వచ్చినప్పుడు కొక్కేలు దానిని దాటలేవు. అప్పుడు మొదటి కొక్కేన్ని తీసి, మేకుకు ఆవలి తాడుకు తగిలించి, అది మూసుకొన్నదని కంటితో చూచి, ఆ పిమ్మటనే రెండవ కొక్కేన్ని తీసి ఆవలికి మార్చవలెను. రెండూ ఒకేసారి తీయరాదు. ఒక్క క్షణమైనా తీయరాదు. ఒక దారిలో ఈ పని వందసార్లు చేయవలసి రావచ్చును. తొంబది తొమ్మిది సార్లు సరిగా చేసి, అలసటతో నూరవసారి తప్పినా చాలును.

ఎవరెస్టు మార్గంలో షెర్పాలు బిగించే తాళ్ల మీద కూడా ఇదే నియమం. నిజామాబాదు జిల్లాకు చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, 13 ఏండ్ల 11 నెలల వయసులో ఎవరెస్టు శిఖరాన్ని చేరినది. సహచరుడు సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా ఆ యాత్రలో శిఖరాన్ని చేరాడు. వారి తొలి శిక్షణ భువనగిరి ఏకశిల మీద జరిగినది. పెద్ద కొండకు పోయే ముందు చిన్న బండ మీద చేతికి, కంటికి అలవాటు కావలెనని వారి ఉదాహరణ తెలుపుతున్నది. ఇనుప దారికి పోయేవారు కూడా క్రింద, నేలకు దగ్గరగా ఉన్న అభ్యాస స్థలంలో కొక్కేలు మార్చడం నేర్చుకొన్న తరువాతనే పైకి పోవలెను.

మరి రెండు నియమాలు కలవు. రెండు మేకుల నడుమ ఒక్కరే ఉండవలెను. పైవారు పడితే క్రిందివారి మీదనే పడతారు. ఇక బరువును చేతుల మీద కాక పాదాల మీద మోపి ఎక్కవలెను. చేతులతో తాడును లాగుతూ ఎక్కేవారికి అరగంటలో పిడికిలి బిగువు పోతుంది.

పడితే ఏమవుతుంది

బావిలోనికి బొక్కెనను నెమ్మదిగా దింపితే చేదతాడుకు ఏమీ కాదు. చేయి జారి బొక్కెన కొంత దూరం పడి, ఒక్కసారిగా ఆగితే తాడు పుటుక్కున తెగుతుంది. ఇనుప దారి మీద పడడం రెండవ రకం. మామూలు కొండ ఎక్కుడులో పొడవైన తాడు రబ్బరు వలె సాగి దెబ్బను తగ్గిస్తుంది. ఇక్కడ ఉక్కు తాడు సాగదు. నిటారు గోడ మీద మనిషి క్రింది మేకునుండి నాలుగు మీటర్లు ఎక్కి ఉన్నప్పుడు జారితే, కొక్కేలు తాడు వెంట సర్రున జారి ఆ మేకు వద్దనే ఆగుతాయి. పట్టీ పొడవు కూడా కలిస్తే మనిషి అయిదు మీటర్ల వరకు పడతాడు. ఆగే క్షణానికి వేగం గంటకు 35 కిలోమీటర్లు దాటుతుంది. నడుమ ఇనుప మెట్లు, రాతి అంచులు తగులుతాయి. పరికరం తన పని తాను చేసినా ఎముకలు విరగకుండా ఆపలేదు.

కనుకనే అక్కడి మార్గదర్శకులు ఇనుప దారి మీద పడడమనేదే ఉండరాదని బోధిస్తారు. కొక్కెం చివరి రక్షణ. మొదటి రక్షణ కాలి నిలకడ.

ఉరుము, మంచు, రాయి

ఉక్కు తాడుకు మరొక గుణం ఉన్నది. అది విద్యుత్తును ప్రవహింపజేస్తుంది. శిఖరం మీద పిడుగు పడితే ఆ శక్తి తాడు పొడుగునా క్రిందికి పాకుతుంది. ఆల్ప్స్‌లో వేసవి మధ్యాహ్నాలు ఉరుములకు పేరుపడినవి. ఉదయం నిర్మలంగా ఉన్న ఆకాశం రెండు గంటలలో నల్లబడవచ్చును. అందుచేత తెల్లవారగానే బయలుదేరి, మధ్యాహ్నానికి ముందే తాడు విడిచి దిగిపోవడం అక్కడి ఆచారం. ముందురోజు వాతావరణ సూచన చూడక బయలుదేరడం అవివేకం.

ప్రతి 100 మీటర్ల ఎత్తుకు ఇంచుమించు 0.6 డిగ్రీల వేడి తగ్గుతుంది. పాటెర్నో శిఖరం మీద సముద్రతీరం కంటె సుమారు 16 డిగ్రీలు చల్లగా ఉంటుంది. వేసవి ప్రారంభంలో నీడ పట్టు చీలికలలో పాతమంచు గడ్డకట్టి ఉండి, తాడును కప్పివేస్తుంది. సాధారణంగా జూన్ నెలాఖరునుండి సెప్టెంబరు వరకే ఈ దారులు నడకకు అనువు.

భూగోళం వేడెక్కడం వలన కొత్త అపాయం తోడైనది. ఎత్తైన శిఖరాలలో బండల చీలికలను బిగించి పట్టి ఉంచిన మంచు కరిగి రాళ్లు సడలుతున్నవి. 2022 జూలై 3న మర్మొలాడా మీద హిమానీనదంలో ఒక పెద్ద ముక్క విరిగి పడి 11 మంది మరణించారు. రాళ్లు పడినప్పుడు దారులను మూసివేస్తారు. నిరుడు నడిచినవాడు చెప్పిన మాట ఈ ఏడు చెల్లకపోవచ్చును. ఆ ఉదయం సత్రం యజమాని చెప్పినదే ప్రమాణం.

ఇంటివారు అడుగవలసిన మాటలు

కుమారుడో, కుమార్తెయో అటువంటి యాత్రకు పోతున్నామని ఫోనులో చెప్పినప్పుడు, వద్దని గద్దించడంతో పని జరగదు. వినక పోవచ్చును, చెప్పకుండానే పోవచ్చును. దానికంటె సరియైన ప్రశ్నలడగడం మేలు. ఆ దారి ఏ అక్షరం కిందికి వస్తుంది? కొక్కేల జత ఎన్నేండ్ల నాటిది, ఎవరైనా దానితో పడ్డారా, అద్దె ఇచ్చేవారు దానిని పరీక్షిస్తారా? కొక్కెం మార్చడం క్రిందనే నేర్చుకొన్నారా? వెంట అనుభవం గలవారు ఎవరు? వానకు దిగిపోవడానికి నడుమ దారి ఉన్నదా? ఎన్ని గంటలకు తిరిగి ఫోను చేస్తారు? వీటికి తడబడక జవాబు చెప్పగలవారు సాధారణంగా క్షేమంగా తిరిగి వస్తారు. చెప్పలేనివారు మరొక వారం ఆగి, ఒక మార్గదర్శకుని వెంట పోవడం ఉత్తమం.

సత్రంలోని పుస్తకంలో పేరు, తరువాత పోయే చోటు వ్రాయడం మరువరాదు. రాత్రి తిరిగి రానివారిని వెదకడానికి ఆ ఒక్క పంక్తియే ఆధారమవుతుంది. ఆపదలో ఐరోపా అంతటా 112 సంఖ్యకు ఫోను చేయవచ్చును. ఫోను పలకని చోట నిమిషానికి ఆరుసార్లు ఈల ఊదడమో, టార్చి వెలిగించడమో చేసి, ఒక నిమిషం ఆగి, తిరిగి అట్లే చేయవలెను. విన్నవారు నిమిషానికి మూడుసార్లు బదులిస్తారు. హెలికాప్టరు వచ్చినప్పుడు రెండు చేతులూ పైకెత్తి నిలిస్తే సాయం కావలెనని అర్థం. ఒక చేయి పైకి, ఒక చేయి క్రిందికి చాపితే అక్కరలేదని అర్థం. గాయం లేకుండా పిలిచినవారివద్ద కొన్ని ప్రాంతాలలో హెలికాప్టరు ఖర్చు వసూలు చేస్తారు. కనుక కొండ ప్రమాదాలకు వర్తించే బీమా ముందుగానే తీసికొనవలెను. పరదేశంలో ఆ ఖర్చు విద్యార్థి కుటుంబం మోయగలిగినది కాదు.

అన్నింటికంటె కష్టమైన విషయం వెనుకకు తిరగడం. టికెట్టుకు డబ్బు పెట్టి, సెలవు పెట్టి, అంత దూరం వచ్చిన తరువాత మబ్బు చూచి దిగిపోవడానికి మనసు ఒప్పదు. అయినా దిగిపోవలెను. శిఖరం మరుసటి ఏడు కూడా అక్కడే ఉంటుంది. ఈ సంగతిని ఇంటినుండి పెద్దవారు ముందుగా ఒకసారి చెప్పి పంపితే, ఆ కనుమలో నిలిచి నిర్ణయం తీసికొనే వేళ ఆ మాట పిల్లల చెవిలో ఉంటుంది.